తెల్ల బండి గుట్టు

"ఊపిరి వదలండి ఏసోబు గారూ. మీరు వదలకపోయినా అది వదులుతోంది చూడండి" అంది డాక్టర్ చారుమతి.

గాజు గోడ అవతల ఒక తెల్లకారు ఉంది. దాని బానెట్ మీద స్పాంజి బిళ్ల తిప్పుతూ ఒక ఉక్కు చెయ్యి మెల్లగా జరుగుతోంది. జానెడు జరిగినప్పుడల్లా అరక్షణం ఆగుతోంది. యంత్రానికి ఆ ఆగడంతో పనేమీ లేదు. ఏడు నెలలపాటు ఏసోబు చేతులకి సెన్సర్ గ్లవ్స్ తొడిగి దానికి పని నేర్పించారు. జానెడు జరిగినప్పుడల్లా అతను ఆగి ఊపిరి వదిలేవాడు. అరవై ఒక్కేళ్ల మనిషి కదా మరి. అదీ పనితనంలో భాగమే కాబోలనుకుని యంత్రం నేర్చేసుకుంది.

"నా ఆయాసం కూడా వదిలిపెట్టలేదమ్మా ఇది!" అన్నాడు ఏసోబు. మాటలో ఎగతాళి ఉన్నా మొహంలో మురిపెం దాగలేదు.

పక్కనే ఉన్న బావమరిది దానియేలు నవ్వలేదు. పొద్దుటినుంచీ అతను దేనికీ నవ్వలేదు.

ఇది 2051వ సంవత్సరం, బెజవాడ ఆటోనగర్‌లో దానియేలు షెడ్డు. అప్పటికి బెజవాడ ఎండ యాభై డిగ్రీలు దాటి నాలుగేళ్లయింది. రోళ్లు పగిలే ఎండలని పెద్దవాళ్లు అంటే పిల్లలు నవ్వేవారు. ఇప్పుడు ఇళ్లల్లో రోళ్లు లేవుగానీ, ఉంటే పగిలేవే. ముదురు రంగు వేడిని తాగుతుంది, లేత రంగు తిప్పికొడుతుంది. అందుకని సర్కారు లేత రంగుల చట్టం తెచ్చింది. రోడ్డెక్కే ప్రతి కారూ తెలుపో, మీగడ రంగో, మరీ ముచ్చటపడితే లేత వెండి రంగో అయివుండాలి. రంగు ఒక్కటే చాలదు, మెరవాలి కూడా. ఏడాదికోసారి మెరుపు పరీక్ష పెడతారు. మాసిన కారుకి సర్టిఫికెట్ రాదు. దాంతో ఒకప్పుడు షోకు కోసం చేయించే పాలిష్ ఇప్పుడు బ్రేకుల్లాగా తప్పనిసరి పనైంది.

చిక్కేమిటంటే తెల్ల బండికి పాలిష్ పెట్టడం అందరికీ వచ్చే విద్య కాదు. నల్ల బండి మీద గీత పడితే వీధి చివరి వాడిక్కూడా కనిపిస్తుంది. తెల్ల బండి మీద గీత దాని యజమానికే కనపడదు. అలాంటివి వెయ్యి గీతలు చేరాక మాత్రం కారు మొత్తం పాత పంచెలా వెలసిపోయి ఉంటుంది. ఎక్కడ రుద్దాలో, ఎంత రుద్దాలో తెలియదు. రంగు పైనుండే పారదర్శకపు పూత, క్లియర్ కోట్, మన తలవెంట్రుక కన్నా పలచన. ఓ రెండు రౌండ్లు ఎక్కువ తిప్పితే అదికాస్తా పోతుంది. కెమెరాలు కూడా తెలుపు మీద తెలుపుని పట్టుకోలేక చేతులెత్తేశాయి.

ఏసోబు మాత్రం కళ్లతో చూసేవాడు కాదు. చేతికి పలచటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని, రేకు మీద పిల్లవాడి వీపు నిమిరినట్టు నిమిరేవాడు. "ఇక్కడ గరుకుంది, ఇక్కడ పాత పెయింటు, ఇక్కడ ఎవడో కక్కుర్తిపడ్డాడు" అని చెప్పేవాడు. ఆటోనగర్ అతన్ని తెల్ల బండి ఏసోబు అనే పిలిచేది.

ఆ చెయ్యి యంత్రానికి రావాలన్నది చారుమతి పట్టుదల. ఆమె చేసిన యంత్రం పేరు మెరుగు. దాని చేతిలో స్పాంజి పక్కనే అగ్గిపెట్టెంత టెరాహెర్ట్జ్ కన్ను ఉంటుంది. ఆ కిరణాలు పెయింటులోకి దూరతాయి. ప్రతి పొర దగ్గరా కాస్త వెనక్కి వస్తాయి. బావిలో రాయి వేసి, చప్పుడు వచ్చే ఆలస్యాన్ని బట్టి లోతు చెప్పడం లేదూ, ఇదీ అంతే. ఏ పొర ఎంత మందం, ఏ రంగు, ఏ రంగు మీద ఏ రంగు వేశారు, అన్నీ చెప్పేస్తుంది. లోపం ఉంటే దాన్ని రేకుదాకా గీకి, కొత్తగా నింపి, రంగు చల్లి, పాలిష్ పెట్టి వదులుతుంది. అది చేసిన మరమ్మతుని మళ్లీ అదే పరీక్షించినా కనుక్కోలేదు. చారుమతికి అన్నిటికన్నా గర్వం ఆ సంగతే.

గ్లవ్స్ తొడుక్కునేముందు ఏసోబు ఒకే ఒక్క షరతు పెట్టాడు.

"డాక్టరమ్మా, మా దగ్గరికొచ్చే ప్రతి బండికీ ఏదో ఒక గుట్టు ఉంటది. తాగి గుద్దిన మొగుడుంటాడు, పెళ్లానికి చెప్పుకోలేడు. అద్దె బండి గీరిన డ్రైవరుంటాడు, ఓనరుకి తెలిస్తే పని పోద్ది. వాళ్లు మమ్మల్ని నమ్మి ఇస్తారు. బండి గుట్టు షెడ్డు దాటకూడదు. మా ఆటోనగర్ కట్టుబాటు అది. మీ యంత్రం చూసిందంతా దాచుకుంటానంటే నేను చెయ్యి పెట్టను."

చారుమతి కంపెనీవాళ్లకి ఆ మాట చెవిలో తేనె పోసినట్టయింది. లోపం సరిచేయగానే దాని రికార్డు మెరుగు తనంతట తానే చెరిపేసేలా రాశారు. అంతటితో ఆగలేదు. ప్రతి కారూ పూర్తయ్యాక యంత్రం ఒక మాట చెబితే బావుంటుందని, ఏసోబు చేత మైకులో చెప్పించారు: "బండి గుట్టు షెడ్డు దాటదు." ఇకనుంచి యంత్రం ప్రతిసారీ అతని గొంతుతోనే ఆ మాట అంటుందన్నమాట.

ఈ రోజు ఆఖరి పరీక్ష. ఏ కారు మీద చెయ్యాలన్నప్పుడు ఏసోబే ఈ కారు పేరు చెప్పాడు.

"కంటి డాక్టరు గారి పాత పెట్రోలు బండి ఉందమ్మా. ఇరవై రెండేళ్ల కిందట దాని ఎడమ ముందు చక్రం మీది రేకు నేను చేశాను. అక్కడో గుట్టుంది. ఇన్నేళ్లలో కంటి డాక్టరు గారి కంటికే దొరకలా. మీ మెరుగు దాన్ని పట్టుకుందంటే నా చెయ్యి దానికి వచ్చేసినట్టే."

"ఆ డొక్కు బండి ఎందుకు బావా? కొత్తవి బోలెడున్నాయి" అన్నాడు దానియేలు అప్పుడు. ఒకసారి కాదు, నాలుగు సార్లు అన్నాడు. ఏసోబు వినలేదు. మనిషికి తన పనితనం మీదుండే మోజు అలాంటిది. తవ్వి తలకెత్తుకోవడమంటే ఇదే.

ఆ కారు ఏసోబుకి ఎందుకంత ముఖ్యమో చెప్పాలి.

ఇరవై రెండేళ్ల కిందట అతని భార్య కరుణమ్మ అంగన్‌వాడీలో పనిచేసేది. సైకిల్ మీద వెళ్లి వచ్చేది. "ఊళ్లో వాళ్ల బండ్లన్నీ అద్దాల్లా మెరిపిస్తావు. నా సైకిలు చూడు, తుప్పు రాలుతోంది. చెప్పులు కుట్టేవాడి పెళ్లాం కాళ్లకి చెప్పులుండవని సామెత చెప్పుకోడానికి నన్ను ఉంచుకున్నావా?" అని దెప్పేది. ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే ఏసోబు షెడ్డులో డబ్బాల అడుగున మిగిలిన రంగులన్నీ ముందేసుకున్నాడు. పెయింటు పనివాళ్ల ఇళ్లల్లో మంచాలూ తలుపులూ అలా మిగులు రంగులతోనే మెరుస్తుంటాయి. తెల్ల ప్రైమర్ వేశాడు. దాని మీద ఎవరిదో లేత పచ్చ. అది సగానికే సరిపోతే, మొత్తం మీద ఇంకెవరిదో ముత్యాల తెలుపు చల్లాడు. ఆపైన క్లియర్ కోట్, ఒకటికి రెండుసార్లు. ఎండలో పెడితే ఆ సైకిల్ తెల్లగా ఉండేది, తల వంచి చూస్తే లోపల్నించి పచ్చదనం కదిలేది. అలాంటి వరసలో రంగులు వేసినది లోకంలో ఇంకొకటి లేదు.

కరుణమ్మ దాన్ని నాలుగు నెలలు తొక్కింది. ఒక వాన సాయంత్రం, చీకటి పడే వేళకి, బందరు రోడ్డు పక్కన పడిపోయింది. ఏదో బండి గుద్దేసి పోయింది. రెండు గంటల తర్వాత గానీ ఎవరూ ఆసుపత్రికి తేలేదు. ఓ గంట ముందు తెస్తే బతికేదని ఆసుపత్రిలో అన్నారు. లారీ గుద్దిందని చూసినవాళ్లు చెప్పారంటూ దానియేలే తిరిగి తిరిగి తెలుసుకొచ్చాడు. పోలీసులూ అలాగే రాసుకున్నారు. ఆ సాయంత్రం లారీ తోలుకుని ఆ దారినే వచ్చినవాడు ఖాసిం. ఏసోబుకి చిన్ననాటి స్నేహితుడు. "నేను కాదురా" అని ఎంత మొత్తుకున్నా ఏసోబు ఆ తర్వాత అతనితో మాట్లాడలేదు.

భూస్థాపన అయిన మూడో రోజున దానియేలు వచ్చి, ఒంటరిగా కూర్చున్న ఏసోబు చెయ్యి పట్టుకున్నాడు.

"పనిలో పడితే మనసు కాస్త కుదుటపడుద్ది బావా. కంటి డాక్టరు గారి బండి ఇంజను పనికి వచ్చింది. ట్రయల్‌కి తీసి డివైడర్‌కి తగిలించా. ఆయనకి తెలిస్తే షెడ్డు పరువు పోద్ది. సొట్ట తీసి లప్పం నేను పెట్టేశా. తెలుపులో తెలుపు కలపడం నీ వల్లే అవుద్ది."

అక్క పోయిన బాధలో ఉండి కూడా తన గురించి ఆలోచించాడని ఏసోబు ఏడ్చాడు. తర్వాత నాలుగు రోజులు ఆ రేకు మీద పనిచేశాడు. ఆ తెలుపుని పదకొండుసార్లు కలిపి పారబోసి, పన్నెండోసారి కుదిరించాడు. తన దుఃఖమంతా ఆ పాలిష్‌లో పెట్టాడు. తెల్ల బండి ఏసోబు అన్న పేరు ఆ కారుతోనే వచ్చింది.

ఇప్పుడు ఉక్కు చెయ్యి బానెట్ పూర్తిచేసి ఎడమ రేకు మీదికి వచ్చింది. కిందికి జరిగింది. ఆగింది. ఈసారి అరక్షణం కాదు.

"లోపం" అంది మెరుగు. పనిలో ఉన్నప్పుడు దానిది మామూలు ఆడగొంతు. "సొట్ట. నాలుగు మిల్లీమీటర్ల లప్పం. పైన తెలుపు, చేత్తో కలిపినది."

"పట్టేసిందమ్మా!" అని ఏసోబు చారుమతి రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నన్ను మించిపోయింది. ఇంక నేను పోయినా ఫర్వాలేదు."

యంత్రం ఇంకా చెబుతూనే ఉంది. "లప్పం కింద పాత పెయింటు గీకలేదు. నాసిరకం పని."

ఏసోబు నవ్వాడు. "ఏరా దానియేలూ, గీకకుండానే పెట్టావంట్రా లప్పం? ఇన్నేళ్లకి దొరికిపోయావు!"

నిజమే. లప్పం పెట్టేముందు రేకుదాకా గీకాలని ఆటోనగర్‌లో చీపురు పట్టేవాడికి కూడా తెలుసు. తొందరలో ఉన్నవాడే ఆ పని మానేస్తాడు.

"పాత పెయింటు మీద పరాయి రంగు అంటుకుని ఉంది" అంది యంత్రం. "రెండు చోట్ల. గుద్దుకున్న వస్తువుది. పొరలు వరసగా: క్లియర్ కోట్. మళ్లీ క్లియర్ కోట్. ముత్యాల తెలుపు. లేత పచ్చ. తెల్ల ప్రైమర్."

చారుమతి అదేదో తమాషాగా చూస్తోంది. ఏసోబు నవ్వు మొహం మీదే ఉండిపోయింది. అతని బొటనవేలు మిగతా వేళ్ల మీద ఒక్కొక్కటిగా జరుగుతూ ఆ పొరలు లెక్కపెట్టింది. ఒకసారి పైనుంచి కిందికి, ఒకసారి కిందినుంచి పైకి. అది ఎవరి లెక్కో అతనికే తెలుసు. ఆ ఆదివారం మధ్యాహ్నం ఒక్కో పొరా ఆరేదాకా పక్కన కూర్చుని టీ తాగిన మనిషి అతను.

"సరిచేయమంటారా? షెడ్డు యజమాని వేలిముద్ర వేయాలి" అంది మెరుగు.

ఏసోబు నోరు తెరిచేలోపే దానియేలు వెళ్లి తెర మీద వేలు పెట్టేశాడు.

గీకుడు చక్రం గిర్రున తిరిగింది. తెల్లపొడి లేచింది. దాని కింద లేత పచ్చపొడి రవ్వంత, ఒక్క క్షణం కనిపించింది. రెండిటినీ నీటి గొట్టం లాగేసుకుని కాలవలోకి పంపించింది.

"ఎందుకు నొక్కావురా?" అన్నాడు ఏసోబు.

"లోపం కదా బావా."

"అది కరుణ సైకిలు రంగు."

దానియేలు తెర దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు. వెళ్లి ఒక పాత టైరు మీద కూలబడ్డాడు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమోగానీ, ఏసోబు చేతులారా నేర్పిన యంత్రం పట్టింది. పట్టిన మరుక్షణమే వదిలేసింది.

"ట్రయల్‌కి తీశా బావా" అన్నాడు దానియేలు. "వాన. అద్దం మీద ఏమీ కనపడలా. తగిలింది. ఎవరో అనుకున్నా. భయమేసి దిగలేదు. పొద్దున మీ ఇంటి ముందు జనాన్ని చూసేదాకా నాకు తెలీదు, దేవుడి తోడు. అప్పటికే లప్పం పెట్టేశా."

"దిగి చూస్తే?"

దానియేలు గోటితో టైరు రబ్బరు గీకుతున్నాడు.

"దిగి చూస్తే నీ అక్క అని తెలిసేది కదరా. బతికేది కదరా! గంట ముందు తెస్తే బతికేదన్నారు. శవాన్ని తేడానికి ఆసుపత్రికి వెళ్తే ఆ మాట నీకే కదా చెప్పారు. నువ్వే కదా వచ్చి నాకు చెప్పావు?" ఏసోబు గాజు అవతలి రేకు వైపు వేలు చూపించాడు. "మూడో రోజున ఆ బండి తెచ్చి నా చేతిలో పెట్టావు. నా పెళ్లాన్ని చంపిన మచ్చ నాచేతే తుడిపించావు. అది నా గొప్ప పని అని ఇన్నేళ్లూ ఊరేగాను. పక్కనుండి చూస్తూ ఉన్నావు!"

"నీ చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ దాన్ని దాచలేదు బావా" అన్నాడు దానియేలు. తర్వాత, అనకూడని మాట కూడా అనేశాడు. "బండి గుట్టు షెడ్డు దాటకూడదని నువ్వే కదా నేర్పావు నాకు."

చారుమతికి అప్పటికి అర్థమైంది. యంత్రాన్ని ఆపే ఎర్ర బటన్ వైపు పరిగెత్తింది. ఏసోబు ఆమె వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడు ఆపితే ఏముందమ్మా, గీకేసిందిగా. తెల్ల బండిని సగంలో వదలకూడదు."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కూడా కాదది. నలభై ఏళ్ల అలవాటు. భార్య ఆనవాలు కాలవలో కొట్టుకుపోతున్నా, ఆ మనిషి నోటికి వచ్చింది పని గురించిన మాటే.

యంత్రం లోపలి గుంటని నింపింది. రంగు చల్లింది. వేడిగాలితో ఆరబెట్టింది. పాలిష్ మొదలుపెట్టింది. జానెడు జరిగి, ఆగి, ఊపిరి వదిలినట్టు అరక్షణం ఉండి, మళ్లీ జరిగింది. ముగ్గురూ అది పూర్తయ్యేదాకా అలాగే ఉన్నారు. ఏసోబు వెళ్లి రేకు మీద చెయ్యి పెట్టాడు. కిందికీ పైకీ నిమిరాడు. కవర్ తొడుక్కుని మళ్లీ నిమిరాడు. ఎక్కడా ఏమీ దొరకలేదు. అంత బాగా నేర్పాడు.

"బండి గుట్టు షెడ్డు దాటదు" అంది మెరుగు, ఏసోబు గొంతుతో.

ఏసోబు పోలీస్ స్టేషన్‌కి వెళ్లాడు. ఎస్సై మంచివాడే, కారుని సర్కారు ల్యాబుకి పంపాడు. ఆ ల్యాబుకీ ఆ వారమే ఒక మెరుగు వచ్చింది. ఎడమ రేకుకి ఏనాడూ దెబ్బ తగల్లేదని అది రాసిచ్చింది. సైకిల్ తుక్కులోకి వెళ్లి పద్దెనిమిదేళ్లయింది. దానియేలు లారీ మాట దగ్గరే నిలబడ్డాడు. ఇక మిగిలింది చారుమతి.

ఎస్సై ఆమెని రెండే ప్రశ్నలు అడిగాడు. "మేడమ్, మీ యంత్రం రిపోర్టు తప్పయ్యే అవకాశం ఉందా?"

మరుసటి వారం నలభై ఊళ్లలో మెరుగు మొదలవుతోంది. చారుమతి ఏసోబు వైపు చూడలేదు. "లేదండి" అంది.

"దానియేలు ఒప్పుకున్నాడని ఈయన అంటున్నారు. మీరు విన్నారా?"

"యంత్రం చప్పుడులో నాకు సరిగా వినపడలేదు."

ఏడు నెలలు ఆమె టిఫిన్ డబ్బాలోంచి తిన్నాడు ఏసోబు. ఆమెని కూతురిలా చూసుకున్నాడు. స్టేషన్ మెట్లు దిగుతున్నప్పుడు "అమ్మా" అని పిలవబోయి, ఆ పిలుపు నోట్లోనే మింగేశాడు. ఖాసిం ఇంటికి పోదామనుకున్నాడు. ఖాసిం పోయి ఆరేళ్లయిందని సగం దారిలో గుర్తొచ్చింది.

తర్వాత అతను ఒక పాత సైకిల్ కొన్నాడు. తెల్ల ప్రైమర్, లేత పచ్చ, ముత్యాల తెలుపు, రెండుసార్లు క్లియర్ కోట్ వేశాడు. పొద్దున్నే దాన్ని తొక్కుకుంటూ వచ్చి దానియేలు షెడ్డు ఎదురుగా చింతకాయల బండి పక్కన స్టాండు వేసి, సాయంత్రం దాకా అక్కడే కూర్చుంటాడు. ఒక్క మాటా మాట్లాడడు. రోడ్డు సర్కారుది కాబట్టి లెమ్మనడానికి వీల్లేదు.

షెడ్డులో మెరుగు రోజుకి ఇరవై కార్లు చేస్తుంది. ఇరవై సార్లు ఏసోబు గొంతు దానియేలు వెనకనుంచి ఆ మాట అంటుంది. ఆ గొంతు తీసేయమని దానియేలు కంపెనీకి ఉత్తరం రాశాడు. నా గొంతు నాకు ఇచ్చేయమని అంతకు ముందే ఏసోబూ రాశాడు. చారుమతి సంతకంతో ఇద్దరికీ ఒకటే జవాబు వచ్చింది: ఆ మాట వింటే తమకి ఎంతో నమ్మకంగా ఉంటోందని కస్టమర్లు చెబుతున్నారట, అందుకని తీయడం కుదరదట.